పరపర

స్విండన్‌లో ఈ నెలలో
ఎనిమిదైనా తెల్లారినట్టుండదు.
ఫ్రిజ్‌లో నిన్నటి అన్నం
డబ్బా ఆకారంలోనే గడ్డకట్టి ఉంది.
వేళ్ళతో విరుస్తుంటే
గోళ్ళ సందుల్లోకి చలి.

వేడన్నంతో చెయ్యకు, అన్నాడు మోరివాకి.
వేడిమీద ఒక మెతుకుని ఇంకో మెతుకు వదలదు,
ఒక్క రాత్రి చలిలో పడుకోనివ్వు.
ఈ ముక్క చెప్పడానికి
జపాన్ నించి రావాలా అనుకున్నాను,
చద్దన్నం తిని బడికెళ్ళినదాన్ని.

పెయింట్ షాపులో నా పక్క లైను అతనిది.
కారు తలుపు మీద వెంట్రుకంత గీత
నాకంటే ముందు అతనికే కనిపించేది.
మధ్యాహ్నం మాత్రం ఇద్దరం
ఒకే మైక్రోవేవ్ ముందు నిలబడి
ఒకరి డబ్బాలోకి ఒకరం తొంగిచూసేవాళ్ళం.
ఓసారి నా పులిహోరలో వేరుశనగ గుళ్ళు లెక్కపెట్టాడు.
పదకొండు, అన్నాడు,
తనిఖీ కాగితం మీద రాసుకునేవాడిలా.

ఓ ఆదివారం ఇక్కడికే వచ్చి
ఈ పొయ్యి ముందే నిలబడి నేర్పాడు.
ఇనపమూకుడు తనదే తెచ్చుకున్నాడు.
నా నాన్‌స్టిక్ పెనాన్ని చూసి ఏమీ అనలేదు,
అనకపోవడంలోనే అంతా అనేశాడు.

పొగ లేచేదాకా కాగాలి.
ఈ కరెంటు పొయ్యికి కోపం రావడానికే పది నిమిషాలు.
ముందు గుడ్డు. అది సగం గట్టిపడేలోపే
అన్నం దాని మీద పడాలి.
గడ్డల్ని గరిటె వీపుతో అదమాలి,
అదమడం వేరు, నలపడం వేరు.
తెల్ల మిరియాల పొడి. ఉల్లికాడలు ఆఖర్న.
సోయాసాసు అన్నం మీద కాదు,
మూకుడు అంచు వెంట పొయ్యాలి.
అది చుయ్‌మని అరిచి, మాడీ మాడక,
వాసనై అన్నంలోకి దిగాలి.
తాలింపులో ఇంగువ పడే క్షణం లాంటిదే,
రెప్పవేస్తే పోతుంది.

అప్పుడన్నాడు, మెతుకుల్ని గాల్లోకి ఎగరేస్తూ,
ఇదిగో, ఇలా ఉండాలి. పరపర.
నాకు నవ్వాగలేదు.
మా భాషలో పరపర అంటే
కాయితం చింపే చప్పుడు,
వీపు గోక్కునే చప్పుడు.
మరి మీకు?
ఇంగ్లీషు మాట దొరక్క
ఉప్పు చల్లుతున్నట్టు వేళ్ళాడించాడు,
ఏ మెతుక్కామెతుకు.
ఓ, పొడిపొడిగా, అన్నాను.
పొది పొది, అన్నాడు.

ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు
నోటీసులో అందరం ఒక్క వాక్యంలో ఇమిడిపోయాం.
ఆ తర్వాత మెతుకుల్లా చెదిరిపోయామని
రాయాలనిపిస్తుంది గానీ
మెతుకులకి ఇంటి అప్పులుండవు.
రిజ్వానాకి గోడౌనులో రాత్రి షిఫ్టు,
గారెత్‌కి టాక్సీ,
నేను ఆస్పత్రి లాండ్రీలో
దుప్పట్ల మీద మరకలు వెతుకుతున్నాను.
చూపు అదే, జీతమే వేరు.
మోరివాకి వెళ్తూ మూకుడు నాకిచ్చాడు.
అది తీసేస్తే పెట్టె సరిగ్గా ఇరవైమూడు కిలోలట,
తూకం చీటీ కూడా చూపించాడు.

అతని బియ్యం పొట్టిది, కాస్త జిగురుది.
నాది సోనామసూరి.
గుడ్డు పడింది, అన్నం పడింది,
కప్పుకున్న పొగ గంట కీచుమంది.
తువ్వాలు పట్టుకుని స్టూలెక్కి
దాని మొహాన విసురుతూనే ఉన్నాను,
కింద మూకుడు తన పని తాను చేసుకుంది.
దిగేసరికి అడుగంటింది.

సోయా పోశాను, ఆలస్యంగా.
ఉల్లికాడలు కోసిన పలకమీదే ఉండిపోయాయి.
పైపైన పొడిపొడిగానే వచ్చింది, ఒప్పుకోవాలి.
అతనైతే ఈ పళ్ళేన్ని
లైను మీంచి పక్కకి తీసి పెట్టేవాడు.

నిలబడే సగం తిన్నాను.
బయట తుంపర.
పక్కింటాయన కారు తలుపు వేశాడు,
చప్పుడు బట్టే చెప్పగలను, రబ్బరు వదులైంది.

మూకుడు ఆరాక ఒళ్ళో పెట్టుకుని
అడుగున పట్టిన ఎర్రటి మాడుని
చెంచాతో గీకుతున్నాను,
రుచంతా ఇక్కడ దాక్కుంది,
పరపర
పరపర