మూడు గాట్లు

కూర్చోండి సార్జెంటు మార్బున్.
ఆ పలక కాదు, అది ఊగుతుంది.
కింద పోటు మొదలైంది. అంత మెరిసే బూట్లకి
బురదంటితే మా దీవికే చెడ్డపేరు.

వెదురు అమ్ముతాను. అంతే.
బట్టలారేసుకోడానికంటారు, ఎండుచేపల పందిరికంటారు.
ఇరవై మూరల గడ మీద
ఏ రాక్షసుడి లుంగీలు ఆరేస్తారో నేనడగను.
అడిగితే బేరం పోతుంది, అడక్కపోతే నిద్ర పోతుంది.
ముప్పై ఏళ్ళుగా నిద్రే పోగొట్టుకుంటున్నాను.

అదిగో, ఎదురుగా సింగపూర్,
తెల్లార్లూ ఆర్పని దీపాలు.
మధ్యలో ఓడలు,
జేబులు మనవైపు తిప్పి కునుకుతీసే షావుకార్లు.
మా కుర్రాళ్ళు చెప్పులు విప్పి ఎక్కుతారు.
గడ చివర కొక్కెం, నడుముకి కత్తి, నలభై నిమిషాలు.
ఇంజను విడిభాగాలు, రంగు డబ్బాలు,
ఒకసారైతే కెప్టెన్ గారి రైస్ కుక్కర్.
చంపడం మావాళ్ళకి రాదు బాపక్.
వచ్చుంటే ఈ పాటికి
ఈ దీవికి కాస్త మంచి జెట్టీ ఉండేది.

మరి ఆ మనాడో కుర్రాడు, యోపి, ఆయిలర్,
ఇంజను గది మెట్ల కింద
ముడుచుకుని దొరికాడన్నారు.
చెవులకి డిప్పలు అలాగే ఉన్నాయిట.
చెప్పుల్లేని కాళ్ళు అచ్చుపడితే ఐదు వేళ్ళు కనబడాలి,
రక్తంలో ఉన్నది బూటుదట.
ఓడ వంటవాడు చెప్పాడు. నేను వినలేదు.

డెక్కు మీద మిగిలిన గడ ఇదేనా?
ఇటివ్వండి, మొదలు చూడాలి.

నాదే.
ఇదిగో, మూడు గాట్లు.

రాత నాకు రాదు. గాట్లే నా లెక్క.
ఒకటి, డబ్బిచ్చారు. రెండు, సగమిచ్చారు.
మూడంటే అప్పు.
పేరా? పేరు నేనెలా రాస్తాను.
అప్పు పెట్టినవాళ్ళే పుస్తకంలో
తమ చేత్తో రాసి, సంతకం గీకి పోతారు.

చెమట పోస్తోంది మీకు. గాలే లేదు ఇవాళ.

ఆగస్టు పదిహేడు గుర్తుందా?
పోలీసు జెట్టీలో జెండా గడ విరిగిందని
తెల్లారగట్ల వచ్చారు. చిల్లర లేదన్నారు.
జెండాకి అంత పొడుగెందుకని
అప్పుడూ అడగలేదు నేను.
గాట్లు పెడుతుంటే కత్తి జారకుండా
మీరే పట్టుకున్నారు గడని.

వద్దు, ఆ నోట్లు లోపల పెట్టండి.
అప్పు తీరుతుంది. నరికిన వెదురుకి
గాటు పూడదు.
పుస్తకమా? పీపా మీదుంది, తీసుకోండి.
మెల్లగా తిప్పండి,
చెమ్మకి కాగితాలు అతుక్కుంటాయి.

ఏ పేజీ లేదూ?

మొన్న తొలి పడవలో ఒకమ్మాయి దిగింది.
చేతిలో అన్న ఫోటో. అచ్చం అవే కనుబొమలు.
బట్టలారేసుకోడానికి గడ కావాలంది.
ఈ దీవిలో ఆమెకి ఇల్లు లేదు,
ఆరేయడానికి బట్టలూ లేవు.
ఎందుకని నేనడగలేదు.
కాస్త చదివిపెట్టమని పుస్తకం చేతికిచ్చాను.
టీ కాచుకొచ్చేసరికి వెళ్ళిపోయింది.
గడ తీసుకెళ్ళలేదు.
డబ్బు మాత్రం పెట్టి వెళ్ళింది,
చిల్లరతో సహా.

అయ్యో, చూసుకోండి,
ఆ పలక కాదని ముందే చెప్పాను కదా.