తేజ, చపాటా

మామునూరు రేంజిల పొద్దుగాల ఆరింటికే
బల్ల మీద రెండు డబ్బాలిప్పి పెట్టిన.
ఒకదానిది పసుపుపచ్చ అట్ట, ఒకదానిది బూడిదరంగు.
రెండు వేరే వేరే కంపెనీలయి,
రెండు తొమ్మిది మిల్లీమీటర్లే,
స్కేలు పెడితే వెంట్రుకంత తేడా రాదు.
"ఒక్కటే గద సార్" అన్నది బానోత్ జమున,
పర్వతగిరి దిక్కు పిల్ల, కొత్తగ వచ్చిన కానిస్టేబులు.

మా నాయిన ఎనుమాముల యార్డుల హమాలి.
కండ్లు మూసుకొని బస్తా మీద చెయ్యేసి చెప్పేటోడు,
ఇది తేజ, ఇది చపాటా అని.
చపాటా నిండుగ, బొద్దుగ, పెండ్లిచీర లెక్క ఎర్రగుంటది,
కూరకు రంగొస్తది, నాలుకకు ఏం గాదు.
తేజ సన్నగ, ముడుచుకొని, ఎవలు దేకని మనిషి లెక్కుంటది.
ముట్టిన చేతితోని కన్ను నలుసుకుంటె
అప్పుడు తెలుస్తది దాని సంగతి.

పసుపు డబ్బా చపాటా.
పేల్తె గొట్టం ముంగట జానెడు మంట,
చెవులు గుయ్యిమంటయ్, తుమ్మ మీది కొంగలు లేస్తయ్.
చేతికి మాత్రం
లేగదూడ మూతితోని పొడిచినట్టు, గంతే.
బూడిద డబ్బాకు సప్పుడు తక్కువ, మంట తకువ,
కని మణికట్టు కాడ మొదలువెట్టి
మోచేతి దాంక ఒక దెబ్బ నడుసుకుంట వస్తది.

తడిపిన గోనెసంచులు వరుసగ నిలవెట్టి కాల్పిచ్చిన.
చపాటా నాలుగో సంచిల పండుకున్నది.
తేజ ఏడు దాటి మట్టికట్టల దూరింది.
జమున ఆ తొర్రల వేలు పెట్టి చూసి
"ముంగటికి ఎంత పోతదో
ఎన్కకు గంతే వస్తదా సార్?" అన్నది.

సగం జవాబు చెప్పిన.
తుపాకి బరువుంటె కొంత అదే మింగుతది.
పిడికిట్ల కోడిపిల్లను పట్టినట్టు పట్టు,
సావొద్దు, జారిపోవద్దు.
మోచెయ్యి కొంచెం సడలించు.

మిగిలిన సగం కొంరెల్లిది.

ఇరవై ఏండ్ల కింద ఒక రాత్రి
బూడిద డబ్బాల నుంచి పన్నెండు తీసుకపోయిండు.
తెల్లారి తొమ్మిది తెచ్చిండు, మూడు ఖాళీలు.
రిజిస్టరుల "ప్రాక్టీసు" అని రాయమన్నరు.
రాసిన. నా దస్తూరి బాగుంటది,
ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ప్రతి సారు మెచ్చుకుంటడు.

వారం దినాలకు రేంజికొచ్చిండు.
"అన్నా, ఇది బాగ తంతున్నది, పసుపుది ఇయ్యి."
బటాలియన్ల అందరికంటె గట్టి చెయ్యి ఆయనది.
ఇచ్చిన. ఐదు కాల్చిండు.
"ఇది గుడ తంతున్నదన్నా."
ఆటల పోటీలకు దాచిన సన్నవి తీసిన,
పెన్ను మూతంత తూటా,
పదేండ్ల పోరగాడు కాల్చినా చెయ్యి కదలది.
ఒక్కటి కాల్చి తుపాకి బల్ల మీద పెట్టిండు.
కుడిచెయ్యి ఎడమచేతిల పట్టుకొని నిలవడ్డడు,
అది ఎవరిదో చెయ్యైనట్టు.
తర్వాత మోటారు సెక్షనుకు మార్పిచ్చుకున్నడు.
గేరు మార్చంగ గుడ తన్నేదా,
నేను అడగలే.

జమునకు ఇయ్యన్ని చెప్పలే.
ఇరవై ఇచ్చిన, ఇరవై కాల్చింది.
మొదటి ఆరు కిందికి వోయినయ్,
దెబ్బ రాకముందే భయపడి చెయ్యి దించింది.
ఏడోదాని నుంచి కుదిరింది.
ఖాళీలు ఏరంగ పంతొమ్మిదే దొరికినయ్.
ఎండ నడినెత్తికొచ్చిందాంక
గడ్డిల, కంకరల, పల్లేరుకాయల నడుమ
ఇద్దరం వంగి దేవులాడినం.
"ఒక్కటే గద సార్" అన్నది మళ్ల.
"ఒక్కటే, దేవులాడు" అన్న.

ఆఖరికి ఆమె కాలరు మడతల్నే దొరికింది.
మెడ మీద గోరంత ఎర్రమచ్చ.
చేతితోని తడుముకొని
"ఎప్పుడు కాలిందో తెల్వనే లేదు సార్" అన్నది.