కొండలిఫ్టు మనిషి

వాల్పరైసోలో ముప్పై ఎనిమిదేళ్లు
ఎలెయుతెరియో ఒయార్సున్ ఊరిని కొండెక్కించాడు,
మీట పట్టుకుని, కూర్చున్న చోటు కదలకుండా.
ఇవాళ అతన్నే ఎక్కమంటున్నారు,
కిటికీ లేని గదిలో
ఎటూ పోని నల్ల పట్టీ మీద.

యాస్నా ఛాతీ మీద నెరిసిన వెంట్రుకలు గొరిగి
పది తీగలు అతికించింది.
"చల్లగా ఉందా?"
"మా ఆవిడ పాదాలకన్నా నయం."
నిలకడ మీద బీపీ నూట ముప్పై ఎనిమిది.
చూశావా, అన్నట్టు కనుబొమలెగరేశాడు.

మూడు నిమిషాలకోసారి కొండ లేస్తుంది.
లిఫ్టు చెడిన రోజుల్లో
గ్యాసుబండ మోసుకుంటూ మెట్లెక్కినవాళ్లు
అతని గది ముందు ఆగి, మాట రాక, గోడ పట్టుకునేవారు.
ఆ ఎర్రటి మొహాలు చూసి నవ్వేవాడు.
ఇప్పుడు ఇనుప కడ్డీ పట్టుకున్నాడు.

జబ్బకు చుట్టిన పట్టీ బిగిసింది.
నూట తొంభై.
మళ్లీ బిగిసింది.
రెండు వందల ఇరవై.
రెండు వందల యాభై రెండు,
డాక్టరు చెయ్యెత్తాడు, కొండ చదునైంది.

"నాళాల్లో అడ్డున్న జాడ లేదు. గీతలు బాగున్నాయి.
కూర్చున్నప్పుడే మీ రక్తం మర్యాద నటిస్తోంది."

తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ తలూపాడు.
ఆ సంగతి అతనికి కొత్త కాదు.
ఖాళీ పెట్టె ఏ తాడునైనా మంచిదనే చెబుతుంది.
అందుకే సోమవారం పొద్దున్నే
ఇరవై ఇసక బస్తాలేసి
తాడు మూలుగు వినేవాళ్లు.

"మూలిగితే? తాడు మార్చేవారా?" అడిగింది యాస్నా,
జిగురు మరకలు తుడుస్తూ.

"దానికి డబ్బెక్కడిది, అమ్మాయీ.
గ్రీజు రాసేవాళ్లం."
మందుచీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"రోజూ. ఆదివారాలు కూడా."