రెండో వైపు

అల్లిపురం సందులో, మూడో మేడ మీద
ఎల్లాజీ ముందు కిటికీ మూస్తాడు.
ఉప్పుగాలి సూదిని తినేస్తుందట.
ఫ్యానూ ఆపేస్తాడు.
పోర్టు కాటా దగ్గర రోజంతా
లారీల బరువులు రాసిన చేతులు
కొత్త రికార్డుని అంచుల దగ్గరే పట్టుకుంటాయి,
వేడి అట్టుని పట్టినట్టు.

అట్ట వెనక పెన్సిలు అంకె:
ఐదొందల్లో రెండొందల పన్నెండోది.
ధర ఇంట్లో చెప్పలేదు.
ఇంట్లో తెలుసు.

పాడే పిల్లకి పాతికేళ్ళుంటాయేమో,
గొంతు మాత్రం
ఎవర్నో సాగనంపి అప్పుడే తిరిగొచ్చినట్టుంది.
సోల్ అంటే ఆత్మేనా అనడిగాను.
"కాదెహె, ఉక్కపోత" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"ఇదిగో, ఇక్కడ విను."
పల్లవికి ముందు ఆమె ఊపిరి తీసుకునే చోటు.
ఫోన్లో ఇది వినపడదట.
వినపడుతుంది. నేను విన్నాను.
చెప్పలేదు.

రెండొందల పదమూడోది
సీలు విప్పకుండా బీరువాలో, పట్టుచీరల కింద ఉంది.
"అదెందుకురా?"
"ఇది అరిగిపోతే."
"అదీ అరిగిపోతే?"
వాడు సూది వైపు చూశాడు.

మొదటి వైపు అయిపోయింది.
నడుమ గీతలో సూది
చిర్రు, చిర్రు.
హార్బర్లో ఏదో ఓడ కూసింది.
ఎవరో ఒకరు లేచి తిప్పాలి.
లేవలేదు ఇద్దరం.