పన్నెండేండ్ల లోపు

ఆదివారం. ఫ్యాక్టరీకి కరెంటు సెలవు.
వారమంతా చెవుల్లో తిరిగిన పాలిష్ మిషను
ఇంకా ఆగినట్టు లేదు.
"నాయనా, ఈ పొద్దన్నా పార్కుకు" అన్నాడు లాలు,
అప్పటికే చెప్పులు తొడుక్కోని.

ఒక బండి మీద నలుగురం.
ముందర లాలు నిలబడి, ఎనక నేను,
నాకూ కాశింబీకీ నడుమ ముడుచుకోని
పదమూడేండ్ల గౌసియా.
హ్యాండిలుకు సంచి: చిత్రాన్నం డబ్బా,
ఉడకబెట్టిన చెనిక్కాయలు, రెండు బాటిళ్ల నీళ్లు.

మొదటి పార్కుకు తాళం.
తుప్పు చూస్తేనే తెలిసింది
నిన్నా మొన్నా వేసింది కాదని.

రెండోదానికి టికెట్టు, తలకు ముప్పై.
లోపల రంగుల ప్లాస్టిక్ ఏనుగు
తొండంలోంచి పిల్లల్ని కక్కుతాంది.
లాలు ఏనుగును చూసినాడు, నేను జేబును చూసినా,
కాశింబీ మా ఇద్దర్నీ చూసి
"ఎండకు ప్లాస్టిక్ కాల్తాది లే, పోదాం పా" అనింది.

మూడోదాంట్లో ఉయ్యాలకు గొలుసులుండాయి,
కూచునే పలక లేదు.
ఆ గొలుసుల్నే రెండు నిమిషాలు ఊపి వచ్చినాడు వాడు,
ఎవరో కూచున్నట్టే.

బుగ్గవంక దాటినాక టీ అంగడాయన చెప్పినాడు:
"నీళ్ల ట్యాంకు ఎనక ఒకటుండాది.
పాతది. యాపచెట్లు. ఊరికే."
ఊరికే అనే మాటకు
మా బండి దానంతటదే తిరిగింది.

అక్కడ ఉండాది జారుడుబండ.
పేరుకు కాదు, నిజంగా బండే.
మన కడప నల్లబండ, ఏటవాలుగా పరిచి
అంచులకు సిమెంటు కట్టినారు.
చెయ్యి పెట్టి చూసినా. అలవాటు, ఏం చేస్తాం.
ఒకటో నంబరు రాయి కాడినుంచి ఆరో నంబరు దాకా పట్టినా
మా మిషను తేలేని నునుపు.
ఎన్ని లాగులు చిరిగినాయో దీనికి,
ఎన్ని గౌన్లు అరిగినాయో!
కూలి అడగని పనోళ్లు
ఏండ్ల తరబడి వరసలో నిలబడి
ఒకరినొకరు తోసుకుంటా చేసిన పని.

చెట్టు నీడ బండ మీదికి వచ్చేసరికి నాలుగైంది.
లాలు పదిసార్లు జారినాడు. పదకొండోసారి బోర్లా.
గౌసియా బెంచీ మీదనే.
చున్నీ సర్దుకుంటా బోర్డు చదువుతాంది:
"పన్నెండేండ్ల లోపు వాళ్లకు మాత్రమే."
చదివి, మళ్లీ చదువుతాంది.
పోయిన ఏడాది నుంచి ఆ పిల్లకు
ఇంట్లో అందరం బోర్డులమే.
గట్టిగా నవ్వొద్దు. వాకిట్లో నిలబడొద్దు.
ఎగరొద్దు.

వాచ్‌మన్ వచ్చినాడు, కర్ర టకటకమని.
"పాపకు ఎన్నేండ్లు?"
నేనే అన్నా: "పదకొండు."

బస్సులో అర టికెట్టు కోసం
చానాసార్లు చెప్పిన అబద్ధమే.
ఒకసారి "నాకు పన్నెండు నిండినాయి" అని లేచి చెప్పి
నా పరువును మైదుకూరు స్టాండులో దింపేసిన పిల్ల.
ఈసారి ఏమీ అనలేదు,
నా మొగం చూసింది.

వాచ్‌మన్ ఆ పిల్ల పొడుగు చూసినాడు.
బోర్డు చూసినాడు.
"ఆ, పదకొండు మాదిరే ఉండాది" అని
కర్ర చంకన పెట్టుకోని పోయినాడు.

చున్నీ వాళ్లమ్మ ఒళ్లో పడింది.
మెట్లెక్కేటప్పుడు మెల్లగా,
పైన కూచున్నాక ఇంకా మెల్లగా,
ఆ తర్వాత
మేము విని ఏడాదైన కేక.

చిత్రాన్నం డబ్బాకు చీమలు పట్టినాయి,
ఎవరం చూసుకోలేదు.
కాశింబీ ఆ చున్నీని నాలుగు మడతలు పెట్టింది,
విప్పింది, మళ్లీ పెట్టింది.

మీరు పోతే పొద్దు వంగినాక పోండి.
నల్లబండ గదా, మధ్యాన్నం కాల్తాది.
గేటు తోస్తే రాదు,
కొంచెం పైకెత్తి తోయాల.
ఎన్నేండ్లు అని ఎవరన్నా అడిగితే
పదకొండు అనండి.