గుండ్రటి అక్షరం

పోర్తోలో, బొన్‌ఫిం వీధి మలుపులో
పదమూడు మెట్లు దిగితే మా ప్రెస్సు.
పగలైనా దీపం వెలగాల్సిందే.
సీసం ఒంటికి పడదని
రోజూ గ్లాసుడు పాలు ఇస్తాడు యజమాని,
ఆ పాల డబ్బు జీతంలో కోసుకుంటాడు.

నేను దియోలిండాని. పదకొండేళ్ళుగా
ఇతరుల వాక్యాలు వేళ్ళతో ఏరి పేరుస్తున్నాను.
మా పనిలో అన్నీ తలకిందులుగానే చదవాలి.
అందుకే సెన్యోర్ అబ్రాంతిస్ గారి నాయిక జుల్మీరా
నా చేతికి తలకిందులుగానే వచ్చింది,
బొల్యావు సంతలో కొక్కేనికి వేలాడే కుందేలులా.

మొదటి ఫారంలో మెడ.
రెండో ఫారం సగం దాకా మెడే.
తర్వాత భుజం, భుజం మీద పుట్టుమచ్చ,
పుట్టుమచ్చ మీద మూడు పేరాల వెన్నెల.
కసాయి సెవెరీనో అయినా తూకం వేసి వదిలేస్తాడు,
ఈయన వదలడు.

మా భాషలో కళ్ళు అనే మాటకి
రెండు గుండ్రటి అక్షరాలు కావాలి.
ముప్పయ్యో పేజీకల్లా ఆ గడి ఖాళీ.
పక్క ప్రెస్సు నుంచి చేబదులు తెచ్చాను,
అవీ చాల్లేదు.
అన్ని కళ్ళున్న మనిషి
నవల మొత్తంలో ఒక్కసారీ దేన్నీ చూడలేదు.
చూడబడింది.
మొక్కజొన్న రొట్టె ముక్క కొరకలేదు,
ట్రాముకి చిల్లర వెతుక్కోలేదు,
ఒక్క తుమ్మయినా తుమ్మలేదు పాపం.

ప్రూఫు పట్టుకెళ్ళి ఒకరోజు అడిగాను:
"నూటపన్నెండో పేజీలో వానలో ఇల్లు వదిలి వెళ్తుంది కదండీ,
తాళంచెవి ఎక్కడ పెట్టుకుంది?
మీరు కుట్టించిన గౌనుకి జేబు లేదు."
ఆయన నవ్వాడు. మంచివాడే, టోపీ తీసి మరీ నవ్వాడు.
"తాళంచెవి ఎందుకమ్మా,
ఆమెకి ఎవరో ఒకరు తలుపు తీస్తారు."

నేనేమీ మార్చలేదు. మారిస్తే ఉద్యోగం పోతుంది,
పైగా చేసే పనంటే నాకు మర్యాద.
కామాతో సహా ఆయన రాసిందే అచ్చయింది.

అచ్చయ్యాక సీసం విప్పాలి,
ఏ అక్షరం గడిలోకి ఆ అక్షరం.
అది నాకు ఇష్టమైన పని.
శనివారం సాయంత్రం జుల్మీరాని విప్పాను.
మెడ ముందుగా విడిపోయింది.
వెన్నెల మాత్రం
కిరోసిన్‌తో రుద్దితే గానీ వదల్లేదు.
కళ్ళు గలగలా గడిలోకి రాలాయి,
ఇక ఎవరి కళ్ళూ కావు.

అందరూ వెళ్ళాక
ఆ అక్షరాలతోనే అరచేయంత చీటీ పేర్చాను.
అద్దెకు గది కావలెను.
ఒంటరి స్త్రీ. సొంత సంపాదన.
తాళంచెవులు రెండూ నా దగ్గరే ఉండాలి.

పన్నెండు కాపీలు తీశాను.
ట్రాము స్టాపు గోడకి అతికిస్తుంటే వాన పట్టుకుంది.
గౌను జేబులో చేయి పెట్టాను.
తగిలింది
చల్లగా ఒక గుండ్రటి అక్షరం,
చేబదులు తెచ్చినదే,
తిరిగి ఇవ్వడం మరిచిపోయాను.