ఒగ్గేసిన సా

పదమూడో స్వరం దాకా పోయే కార్డంటే
ఏడు మెట్లు. ఏడిటికీ వేళ్లు కావాలి.
మొదట్లో నేను ఏడూ నొక్కేదాన్ని,
ఒకే ఆకులో అన్నీ ఒకేసారి వడ్డించినట్టు,
పులుసులో పాయసం, పాయసంలో అప్పడం.
కాశీబుగ్గ చర్చి రేకుల కింద
ఫిలోమోను మాస్టారు చెవి మూసుకుని అన్నాడు:
"ఏటమ్మా తబితా, పిక్కల బస్తా దిమ్మరించినట్టు!
కొన్ని ఒగ్గీయాల."

ఏవి?
నేను జీడి ఫ్యాక్టరీలో గ్రేడు చేసే మనిషిని.
గుండు ఒక గంప, బద్ద ఒక గంప, నూక ఒక గంప.
ఒగ్గడం మాకు నేర్పలేదు,
పొట్టుకి కూడా ధర ఉంది.

"పా ఉంది చూడు, ఐదోది.
మంచిదే పాపం, కానీ ఏ సంగతీ సెప్పదు. ఒగ్గీ.
మా తెచ్చి గా నెత్తిన కూకోబెడితే
రెండూ కరుచుకుంటాయి. ఒగ్గీ.
ఎడంచేతికి నీ, దాని మీద గా.
ఆ రెండూ చాలు, కార్డు ఎటు పోతాదో తెలుస్తాది.
కుడిచేతికి దా, దాని మీద రీ.
ఎడంగా పెట్టు తల్లీ, గాలాడాల."

"మరి సా?"

"సా నీది కాదు. దాలయ్యది."

మూలన స్తంభానికి ఆనుకుని దాలయ్య,
ఆర్టీసీ గ్యారేజీ గ్రీజు గోళ్లలోనే ఉంది,
ఒళ్లో నాలుగు తీగల గిటారు.
తలెత్తలేదు.

ఆ వారమంతా రాత్రిపూట
జీడి రసం పొక్కించిన వేళ్లకి ఆముదం రాసుకుని
మంచం పట్టె మీద సాధన చేశాను.
ఆదివారం నాలుగే మీటలు నొక్కాను.
కింద నుంచి దాలయ్య సా ఇచ్చాడు.
రేకుల షెడ్డుకి అప్పుడు పునాది పడింది.

దాలయ్యది ఉద్దానం.
మంగళవారం, శుక్రవారం ఆసుపత్రిలో నాలుగేసి గంటలు
రక్తం యంత్రంలోకి పోయి తిరిగొస్తుంది.
ఎడమ ముంజేతిలో ఫిస్టులా,
వేలు ఆనిస్తే లోపల గుర్రుమని తీగ మోగుతుంది.
కోరస్ పిల్లల్ని పిలిచి చెవి పెట్టించేవాడు:
"బేస్ ఎప్పుడూ ఆనే. కరెంటు పోయినా."

ఒక ఆదివారం ఆ చెయ్యి మెడ మీద జారింది.
సా రాలేదు. రెండోసారీ రాలేదు.
మూడోసారికి నా ఎడమ చిటికెన వేలు
దానంతటదే కిందికి దిగి
మెల్లగా, ఎవరికీ తెలీకుండా, సా నొక్కింది.

అతనికి తెలిసింది.
అందరూ చెప్పుల కోసం వెతుక్కుంటుంటే వచ్చాడు.
"నా సా నువ్వు తొక్కినావేటి?"
"సాయం చేద్దామని..."
"సాయం సేస్తే పా కి సెయ్యి.
దాన్ని ఎవులూ పట్టించుకోరు."
నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.
వైరు చుట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి శుక్రవారం ప్రాక్టీసుకి అతను లేడు.
ఆసుపత్రిలో యంత్రం పాడై, వరస రాత్రికి జరిగిందట.
మాస్టారు నా వైపు చూశాడు,
ఏమీ చెప్పలేదు.
నీ, గా. దా, రీ.
చిటికెన వేలు మడిచి అరచేతిలో దాచాను.
పాట గోడ లేని అటకలా నిలబడింది.
వెనక వరసలో నూకరాజమ్మ ఒక్కతే
ఎక్కడి నుంచి తెచ్చుకుందో, సరైన చోటే పాడింది.
మధ్యలో గూడ్సు బండి పోయింది,
ఆగాం, మళ్లీ ఎత్తుకున్నాం.

రాత్రి పదింటికి ఫోను.
"ఖాళీ ఉంచినావా?"
"ఉంచాను."
"ఏదీ, ఇనిపించు."

ఫోను కీబోర్డు పక్కన పెట్టి
నాలుగు మీటలు నొక్కి పట్టుకున్నాను.
అటు నుంచి ఏదో వచ్చింది.
పాడాడో, గొంతు సవరించుకున్నాడో.
ఈ ఫోను స్పీకరు
అంత కిందికి దిగదు.